వీపు మీద కరగని మంచు

మాసే దగ్గర, చలికాలపు విడిది
1967 డిసెంబర్ 14

అన్నయ్యా,

నువ్వు ఆసుపత్రికి వెళ్ళి ఇరవై రోజులైంది. ఉత్తరానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందని అడగకు. సిరా గడ్డకట్టింది. పొయ్యి పక్కన పెడితే కరిగింది గానీ అప్పటికి నాకు ఓపిక లేకపోయింది. ఇది పెన్సిల్‌తో రాస్తున్నాను.

ఇక్కడ అందరికీ నువ్వే కబురు. "ఇస్సాత్ అంతటివాడు నవంబర్‌లో ఏటి మీద మంచుబండి తోలతాడా? అప్పటికి ఏరు ఇంకా సరిగ్గా గడ్డకట్టదని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు" అని మన పక్క గుడారపు హెయిక్కా కాఫీ దొరికిన ప్రతిచోటా అంటున్నాడట. నా దగ్గరా అన్నాడు. "మా అన్న మునిగినా తేలాడు. నువ్వు మునిగితే బద్ధకానికి పైకి కూడా రావు" అన్నాను. నవ్వి ఇంకో కప్పు పోయించుకున్నాడు.

తెల్లకడియం బాగుంది. పగ్గం వదలని నిన్ను నీళ్ళలోంచి ఒడ్డుకు ఈడ్చిన రెయిన్‌డీర్ పోతు కదా, ఈ చలికాలం దాన్ని బండికి కట్టను. నీ నల్లవీ నా బూడిదవీ కలిసే మేస్తున్నాయి. నాన్న నీకు నల్లవాటినీ అమ్మ నాకు బూడిదవాటినీ ఇచ్చినప్పుడు, నలుపైతే మంచులో దూరం నుంచి కనబడుతుందని నువ్వు ఎంత ఎగిరావో గుర్తుందా. నిజమే, కనబడుతున్నాయి.

నిన్నంతా మంచు పడింది. పొద్దున వెళ్ళేసరికి ప్రతిదాని వీపు మీదా జానెడు మంచు. నాన్న నేర్పినట్టే ఒక్కొక్క వీపూ తడిమి చూసుకుంటూ నడిచాను. ఎక్కడా కరగలేదు, ఎక్కడా తడి లేదు. లోపలి వేడి లోపలే ఉంది.

పదో తేదీన వాన పడింది. ఒక్క పూటే. ఆ వెంటనే చలి బిగిసింది. పెద్దదేం కాదులే.

కాలివేళ్ళు ఎన్ని మిగిల్చారో రాయి. పాదం కొలత కూడా పంపు, బూట్లు కుడతాను.

నీ చెల్లెలు
గారెన్


ట్రోమ్సో, ఆసుపత్రి
1968 జనవరి 5

చెల్లీ,

రెండు వేళ్ళు పోయాయి. అవి లేకపోయినా నడవొచ్చట. మిగతావి చూస్తున్నారు. నొప్పేమీ లేదు. అసలేమీ తెలియడం లేదు. దుప్పటి కింద ఉన్నది నా కాలో పక్కవాడి కాలో అన్నట్టుంది.

పక్క మంచం మీద ఓడ్వార్ అని ఒక రైతు, తుంటి విరిగింది. మంచివాడే గానీ నోటికి అదుపు లేదు. వచ్చిన రోజే "నీకెన్ని రెయిన్‌డీర్లున్నాయి?" అని అడిగాడు. నాకు మొహం మాడిపోయింది. "నీకు బ్యాంకులో ఎంతుంది?" అన్నాను. "అదేం ప్రశ్న?" అన్నాడు. "నీదేం ప్రశ్న?" అన్నాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మన దగ్గర తోడబుట్టినవాళ్ళు కూడా ఆ మాట అడగరని చివరికి విడమరిచి చెప్పాల్సొచ్చింది.

డాక్టరు కూడా అడుగుతాడు గానీ మర్యాదగా. "నెలల తరబడి మంచులో నిలబడతాయి కదా, వాటి కాళ్ళెందుకు కుళ్ళవు?" అని. వాటి కాళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటాయని, ఒంట్లో వేడి కాళ్ళకి ఖర్చు చెయ్యవని చెప్పాను. కోసి చూస్తే పై ఎముకలో మూలుగ కొవ్వొత్తిలా గట్టిపడుతుంది, గిట్ట దగ్గరది ఎంత చలిలోనైనా వేలు దిగేంత మెత్తగా ఉంటుంది. రాసుకున్నాడు. "మనిషి కాలు అలా చల్లబడితే చచ్చిపోతుంది" అన్నాడు. అది నాకూ తెలుసులెండి అన్నాను.

వాన సంగతి రాసి పెద్దదేం కాదన్నావు. గారెన్, నీ చేతిరాత నాకు తెలుసు. ఆ వాక్యం దగ్గర పెన్సిల్ గట్టిగా నొక్కావు.

ఓడ్వార్ తమ్ముడికి లారీ ఉంది. వాళ్ళ కొట్టాంలో ఎండుగడ్డి మిగిలిందట, ఇస్తానన్నాడు. పంపిస్తున్నాను. నా నల్లవాటిని వేరుచేసి రోడ్డు పక్కన దొడ్డి కట్టి ఉంచు, లారీ అక్కడికే వస్తుంది. నా వాటి భారం కూడా నీ మీద పడకూడదు. శరత్కాలానికి నేను తిరిగొస్తాను. రావడానికి అవి ఉండాలి. ఇంకేం అడగను.

అన్న
ఇస్సాత్


మాసే దగ్గర
జనవరి 28

అన్నయ్యా,

లారీ వచ్చింది. గడ్డి మంచి వాసనగా ఉంది, వేసవి వాసన.

వాన సంగతి రాస్తాను. మళ్ళీ రెండుసార్లు పడింది. మంచు మీద గాజులాంటి పలక కట్టింది, దాని మీద మంచు, దాని మీద మళ్ళీ పలక. స్కీ కర్రతో కొడితే గుమ్మం తట్టినట్టు మోగుతుంది. జీవాలు మూతి పెట్టి వాసన చూస్తాయి. మామూలు మంచైతే నడుము లోతున ఉన్న మేత, తెల్లనాచు వాసన కూడా పట్టి అక్కడే తవ్వుతాయి కదా. ఇప్పుడు వాసన పైకి రావడం లేదు. చలికాలానికి గిట్టల మెత్తటి భాగం ముడుచుకుని అంచు పదునెక్కుతుంది గానీ, ఈ పలక ముందు ఆ పదును చాలడం లేదు. ముందరి కాళ్ళు రక్తాలోడుతున్నాయి.

నువ్వు చెప్పినట్టే వేరుచేశాను. నీ నల్లవి రోడ్డు పక్క దొడ్డిలో ఉన్నాయి. నా వాటిని దక్షిణంగా దేవదారు అడవిలోకి తోలాను. అక్కడ కొమ్మలకి గడ్డంలా నాచు వేలాడుతుంది, చెట్లు కొట్టి పడేస్తే తింటాయి. అడవికీ దొడ్డికీ మధ్య స్కీల మీద తిరుగుతున్నాను.

మారెత్ అత్త దొడ్డి దగ్గరికి వచ్చి గడ్డి చేతిలోకి తీసుకుని చూసింది. "ఇది చలికి బూట్లలో కూరుకునేది గానీ కడుపులో కూరేది కాదే" అంది. "బండి పోతులకి వెయ్యమూ?" అన్నాను. "పిడికెడు వేస్తాం. కడుపు మాడినదానికి వెయ్యం" అంది. "అన్నయ్య పంపాడు" అన్నాను. "మీ అన్న అక్కడ వెచ్చగా పడుకుని ఉన్నాడు" అంది. నాకు కోపం వచ్చి ఆవిడకి కాఫీ ఇవ్వలేదు.

గడ్డి వేశాను. ఎగబడి తిన్నాయి. చూస్తుంటే కడుపు నిండింది.

కొలత పంపలేదు నువ్వు.

గారెన్


ట్రోమ్సో
ఫిబ్రవరి 19

చెల్లీ,

కుడి పాదం కాగితం మీద పెట్టి గీయించి పంపుతున్నాను. రెండూ ఒకటే కదా, ఒకటి చాలు. నర్సు గీసింది, చక్కిలిగింతకి వంకర పోయింది.

తిన్నాయని రాశావు. ఆ వాక్యం ఓడ్వార్‌కి నాలుగుసార్లు చదివి వినిపించాను. "చూశావా, గడ్డి గడ్డే" అని పొంగిపోయాడు. మారెత్ అత్త మాట పట్టించుకోకు. మనం పుట్టకముందు నుంచీ ఆవిడకి ఏదీ నచ్చదు.

ఇక్కడ చేపలు పెడతారు. ఉడకబెట్టినవి, రోజూ. కిటికీలోంచి నౌకలు కనిపిస్తాయి. రోజంతా చూస్తాను, ఏం చూశావంటే చెప్పలేను. మంద పక్కన నడుస్తుంటే వాటి కాలి నరాలు టిక్కు టిక్కుమంటాయి చూడు, మంచుతుఫానులో ఒకదాన్నొకటి కనబడకపోయినా ఆ చప్పుడు పట్టుకునే కలిసి నడుస్తాయి. ఇక్కడ అది వినబడటం లేదు. గోడ గడియారం టిక్కుమంటే మొదట్లో తల తిప్పేవాణ్ణి. ఇప్పుడు తిప్పడం లేదు.

నా వాటి గురించి రెండు ముక్కలు రాయి. ఎన్ని అని అడగడం లేదు. ఎలా ఉన్నాయని.

ఇస్సాత్


మాసే దగ్గర
మార్చి 10

అన్నయ్యా,

నీ జీవాల్లో ఇప్పుడు ఆకలితో ఉన్నది ఒక్కటి తప్ప లేదు. ఆ ఒక్కటీ ముసలి చుక్క. నుదుటి మీద తెల్లచుక్క ఉన్న నీ పాత ఆడదే. దొడ్డిలో పెట్టిన మర్నాడే కంచె దూకి నా వాటితో అడవిలోకి పోయింది. పోతుల కొమ్ములు చలికాలం మొదట్లోనే రాలిపోయాయి కదా, దీని కొమ్ములు ఉన్నాయి. ఏ పోతైనా గుంట తవ్వితే పొడిచి తరిమి ఆ గుంటలో తను మేస్తుంది. సిగ్గూ లేదు, జాలీ లేదు. ఊరికే బతుకుతోంది.

కాళ్ళ తోలు సిద్ధంగా ఉంది. బూట్లు కుడుతున్నాను.

రాయడానికి ఇంకేం లేదు.

గారెన్


ట్రోమ్సో
ఏప్రిల్ 6

గారెన్,

బూట్లు అందాయి.

ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూచున్నాను. కుట్టు అమ్మ కుట్టులా ఉంది. నల్లటి కాళ్ళ తోలు. పై అంచు దగ్గర చుట్టూ తెల్లటి గీత. ఆ గీత ఏ కాలిదో నాకు తెలుసు. దాని వెనకే పదకొండేళ్ళు బండి మీద కూచున్నాను.

ఓడ్వార్ "అబ్బ, ఎంత బాగున్నాయో" అన్నాడు. అవును అన్నాను.

నీ మార్చి ఉత్తరం మళ్ళీ తీశాను. ఆకలితో ఉన్నది ఒక్కటి తప్ప లేదని రాశావు. చదివినప్పుడు సంతోషించాను. నీ చేతిరాత నాకు తెలుసని నీకే గొప్పలు చెప్పినవాణ్ణి.

ఎడమ బూటు తిరిగి పంపుతున్నాను. నాకది అక్కర్లేదు. జనవరి రెండో వారంలో ఎడమ పాదాన్ని చీలమండ పైదాకా తీసేశారు. రెండు వేళ్ళని రాసిన వారానికే. తరువాత చీము పట్టి ఇంకాస్త పైకి కోశారు. నీకు రాయలేదు. అక్కడ నువ్వు రెండు మందల మధ్య పరుగెడుతున్నావని రాయలేదు, అంతే. కోపం వస్తే ఒంటికాలి మీద లేస్తావని అమ్మ నన్ను తిట్టేది. ఇకమీద ఎలా లేచినా ఒంటికాలి మీదే. నవ్వుకో.

జరిగింది జరిగినట్టు రాయి. గడ్డి వల్లేనా?

ఇస్సాత్


మాసే దగ్గర
మే 2

అన్నయ్యా,

గడ్డి వల్లే.

మూడో రోజుకి నిలబడ్డచోటే నిలబడిపోయాయి. పొట్టలు ఉబ్బి ఉన్నాయి, మేత ముందరే ఉంది. నేను బాగా తిన్నాయనే అనుకున్నాను. ఐదో రోజు పొద్దున మంచు పడింది. వెళ్ళి చూస్తే వీపుల మీద మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయి. ఒక్కొక్కటిగా తడుముతూ దొడ్డి చివరిదాకా నడిచాను. అన్నీ తడే. కళ్ళు మాత్రం చలికాలపు నీలంలోనే ఉన్నాయి. వేసవి వస్తే బంగారం రంగుకి తిరిగే కళ్ళు అవి.

తెల్లకడియాన్ని కోసి చూశాం, నేనూ హెయిక్కా. కడుపు నిండా గడ్డి. నమిలిన గడ్డి నమిలినట్టే ఉంది, పచ్చవాసన కూడా పోలేదు. తెల్లనాచు అరిగించుకునే కడుపు అది, అందులోనూ నెల రోజులు మాడిన కడుపు. గడ్డిని పట్టుకుని ఏం చెయ్యాలో దానికి తెలియలేదు. నిండు పొట్టతో ఆకలితో చచ్చాయి. ఎముక కొట్టి చూస్తే మూలుగ ఎర్రగా నీళ్ళలా ఉంది. హెయిక్కా తల మీది టోపీ తీశాడు.

నువ్వు పంపావు, నేను వేశాను. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పసిపిల్లలం కాదు. దొడ్డి కట్టకపోయి ఉంటే చుక్కలా కొన్నైనా అడవిలోకి పోయేవి. అది నా చేతి పనే. నీ మీద కోపం ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. కానీ రెండూ ఎక్కడో దూరంగా ఉన్నాయి, దుప్పటి కింద నీ కాలు ఉన్నట్టు.

ఏడవలేదేమని మారెత్ అత్త అడిగింది. "ఏమే, రాయివా?" అని. ఏడుపు రాలేదు. తోళ్ళు తీశాను, కాళ్ళ తోలు వేరుగా ఎండబెట్టాను, కాఫీ కాచాను. ఉత్తరంలో రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే ఆ తెల్లగీత పైకి కనబడేట్టు కుట్టాను. నువ్వు చూస్తావని తెలుసు.

కాలి సంగతి చదివి బయటికి వెళ్ళి నిలబడ్డాను. మంచు పడుతోంది. లోపలికి వచ్చేసరికి భుజాల మీద అలాగే ఉంది.

నా వాటిలోనూ పోయాయి. మిగిలినవి మిగిలాయి.

చుక్క కొమ్ములు ఇంకా రాలలేదు. చూలుదే.

గారెన్


ట్రోమ్సో
జూన్ 3

గారెన్,

ఓడ్వార్‌కి చెప్పలేదు. గత వారం ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్తూ "వచ్చే ఏడు కూడా గడ్డి పంపిస్తాలే" అన్నాడు. సరే అన్నాను. మంచి మనసుతో ఇచ్చినవాడికి ఏం చెప్పను?

ఇక్కడ రేవులో వలలు అల్లే పని ఇస్తామన్నారు. కూచుని చేసే పని, వెచ్చటి గది. నెలాఖరులోగా చెప్పమన్నారు. ఒప్పుకుంటున్నాను.

ఒక ఆడదీ దాని వెనక ఒక పిల్లా ఉన్నవాణ్ణి మందగాడు అనరు. ఒంటి కాలుతో అసలే అనరు. చుక్క ఈనితే, అది నీదని తెలిసేట్టు పిల్ల చెవికి నీ గుర్తు కొయ్యి. నాన్న నాకిచ్చిన చెవిగుర్తు ఇక ఎవరికీ అక్కర్లేదు. బాధపడుతూ రాయడం లేదు. ఏమీ అనిపించడం లేదు.

కాలు లేనిచోట మడమ దురద పెడుతుంది. అదొక్కటే తెలుస్తోంది.

ఇస్సాత్


సముద్రపు ఒడ్డు, వేసవి దొడ్డి
జూలై 9

అన్నయ్యా,

కవరు బరువుగా ఉందేమని తెరిచేముందు అనుకొని ఉంటావు. జాగ్రత్తగా తియ్యి, దారం తెగుతుంది.

చుక్క మే ఇరవైన ఈనింది. మంచు మీదే, గాలిలో. తడి పిల్ల గజగజ వణుకుతూ కాసేపటికి లేచి నిలబడి పాలు వెతుక్కుంది. చిక్కటి నలుపు. ఈనిన వారానికి చుక్క కొమ్ములు రెండూ రాల్చేసింది. ఇక వాటితో పని లేదనుకున్నట్టుంది.

నిన్న పిల్లల చెవులు కోశాం. చుక్క పిల్లకి నా గుర్తు కొయ్యమన్నావు. కొయ్యలేదు. నాన్న నీకిచ్చిన గుర్తే కోశాను. తరువాత నా బూడిద ఆడవాటి వెనక తిరుగుతున్న పిల్లల్లో ఆడవాటిని పట్టుకుని వాటికీ నీ గుర్తే కోశాను. హెయిక్కా మోకాలితో పిల్లని నొక్కి పట్టుకుని "ఏయ్ గారెన్, పొరపాటు పడుతున్నావు, అది నీ ఆడదాని పిల్ల" అన్నాడు. "నోరు మూసుకుని పట్టుకో" అన్నాను. రెండోదానికి మళ్ళీ చూశాడు. మూడోదాన్ని తనే వెళ్ళి తాడు వేసి పట్టుకొచ్చాడు. మారెత్ అత్త కంచె మీద కూచుని చూసింది. ఆవిడకి కాఫీ ఇచ్చాను.

చెవి ముక్కలన్నీ దారానికి గుచ్చాను, ఎప్పుడూ చేసేట్టే. ఈసారి నీ దారం నీకు పంపుతున్నాను. వద్దనడానికి వీల్లేదు. కోసిన చెవి మళ్ళీ అతుక్కోదు. అవి నీవి. నేను నా వాటినే చూసుకోలేక చస్తున్నాను, నీ వాటిని మేపడం నా వల్ల కాదు. వచ్చి మేపుకో. చలికాలం బండి మీద కూచునే తిరుగుతాం కదా. కాలు ఉన్నప్పుడు మాత్రం నువ్వు ఎక్కడ నడిచావని.

వలలు అల్లుకుంటావా, అల్లుకో. పిల్లలు పెరిగి మందలోంచి పోతే నన్ను అడగకు.

ముక్కలు గుచ్చుతుంటే కళ్ళు తడిశాయి. గాలి అనుకున్నాను. గాలి కాదు. ఐదు నెలలకి వచ్చింది, చాలాసేపు పోలేదు. హెయిక్కా చూసి కూడా వెటకారం చెయ్యలేదు, దానికే ఎక్కువ ఏడుపొచ్చింది.

గారెన్


ట్రోమ్సో
జూలై 20

చెల్లీ,

దారం దుప్పటి మీద పరిచాను. వాసన ఇంకా పోలేదు. నలుపు ఒకటే, మిగతావన్నీ బూడిదరంగు. ఒక్కొక్కటి వేళ్ళతో తడుముతూ పోయాను. సగంలోనే ఆపేశాను. లెక్క తెలిసిపోతుందని.

నర్సు వచ్చి "ఎందుకేడుస్తున్నారు, నొప్పిగా ఉందా?" అంది. ఉందన్నాను. మాత్ర తెస్తానంటే వద్దన్నాను.

రేవు వాళ్ళకి రానని చెప్పించాను. కర్ర కాలు చేస్తున్నారు, ఆగస్టుకి తయారవుతుందట. నిన్న ఒకసారి కట్టి నిలబెట్టారు. నేల మీద టక్కు టక్కుమంటుంది, కొత్త వార్నిష్ వాసన.

ఎడమ బూటు పారేయలేదు కదా. పంపించు. కర్రకి చలి ఉండదు గానీ, పిల్లలు బెదురుతాయి.

అన్న
ఇస్సాత్